అర లీటరు లోపు

పలాసలో ఒక కార్యాలయం మేడ మీది గది. ఉదయం పదకొండు గంటలు. హాజరైనవాళ్లు ఐదుగురు: విచారణ చేయాల్సిన మెడికల్ ఆఫీసరు, మా సంస్థ డైరెక్టరు, ఏఎన్ఎం మేడమ్, ఉద్దానంలోని ఒక ఊరి ఆశా వర్కరు, నేను. ఉన్న వస్తువులు: పొడవాటి బల్ల ఒకటి, కుర్చీలు తొమ్మిది, ఫ్యాన్లు రెండు, వాటిలో తిరిగేది ఒకటి, ప్లేటులో వేయించిన జీడిపప్పు, సాక్ష్యం కింద తెచ్చిన ఐదు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లు మూడు, నేను రాసిన రెండు పేజీల నోట్ ఒకటి, ఆశా వర్కరు చేతిరాతలో మూడు వాక్యాల సంజాయిషీ ఒకటి. కుర్చీలు తొమ్మిది ఉన్నా ఆశా వర్కరు నిలబడే ఉన్నారు.

ఆ రోజు తేలాల్సింది ఒక్కటే. పదకొండేళ్లుగా చేస్తున్న పని ఆమెకు ఉంటుందా, పోతుందా. పోవాలని రాసినవాణ్ని నేనే.

ఆరోగ్య సర్వేల్లో చేరే కొత్తవాళ్లకు ఇప్పుడు నేను శిక్షణ ఇస్తుంటాను. మీరు ఫీల్డులో చేసిన పెద్ద తప్పేమిటని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. చిన్నవి చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఇది పెద్దది.

నా గురించి మూడు వివరాలు చాలు. ఒకటి, నేను పుట్టింది టెక్కలిలో. రెండు, హైదరాబాదులో పోషకాహారమూ గణాంకశాస్త్రమూ చదివాను. మూడు, దేన్నయినా వరస సంఖ్యలు వేసి రాసుకుంటే తప్ప నాకు అర్థమైనట్టు ఉండదు. మొదటి వివరం వల్ల ఈ ప్రాంతం నాకు తెలుసనుకున్నాను. రెండో దానివల్ల ప్రాంతం తెలియకపోయినా ఫరవాలేదనుకున్నాను. మూడో దానివల్ల జరిగిందేమిటో ముందు ముందు వస్తుంది.

మా పని పేరు చాలా పొడవు. పొట్టిగా చెప్పాలంటే, కిడ్నీ జబ్బుతో సతమతమవుతున్న ఈ ఊళ్లలో జనం రోజుకు ఎంత ఉప్పు తింటున్నారో తేల్చి, ప్రభుత్వానికి సిఫార్సులు రాయాలి. మనిషి తిన్న ఉప్పులో చాలా భాగం మూత్రంలోనే బయటికి వస్తుంది. కాబట్టి ఒక మనిషి ఒక రోజంతా పోసిన మూత్రాన్ని చుక్క వదలకుండా క్యానులో పట్టించి, కొలిచి, కొంత తీసి ల్యాబుకు పంపాలి. ఇంటింటికీ క్యాను ఇవ్వడం, మర్నాడు పొద్దున వెనక్కి తీసుకోవడం ఆ ఊరి ఆశా వర్కరు పని. కొలవడం, రాయడం నా పని.

టెక్కలిలో మా అమ్మకు ఈ ఉద్యోగం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా నచ్చలేదు.

"ఇంత చదువూ చదివి జనాల ఒంటేలు కొలుస్తున్నావేట్రా? ఎవరైనా అడిగితే ఏటని చెప్పను?"

"పాలసీ రీసెర్చ్ అని చెప్పు."

"అదే చెప్పాను. అంటే ఏటని మీ మావయ్య అడిగాడు. ఒంటేలు కొలవడం అన్నాను."

పద్నాలుగు ఊళ్లు, ఊరికి అరవై మంది, సగం ఆడవాళ్లు, సగం మగవాళ్లు. ఈ ఊళ్ల జనం రక్తమూ మూత్రమూ ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయి ఉన్నారు. మందస వైపు ఒక ఊళ్లో క్యాను చేతికిస్తే ఒక పెద్దాయన దాన్ని తిప్పి చూసి, "అట్టుకెల్లినోలంతా అట్టుకెల్లారు. ఒక్కడూ తిరిగొచ్చి ఇదిగో ఇదీ సంగతని సెప్పినోడు లేడు. నువ్వు సెప్తావేటి?" అన్నాడు. చెప్తామన్నాను. ఆ వాక్యం మా శిక్షణ పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకం రాసిందీ నేనే. అందులో ఒక నియమం: క్యానులో అర లీటరు లోపు ఉంటే, ఆ మనిషి రోజులో కొంత బయట పోసేసి వచ్చినట్టు లెక్క. అది అసంపూర్ణం. పారబోసి, ఇంకో రోజు మళ్లీ పట్టించాలి. ఇది నేను కనిపెట్టిన నియమం కాదు, ఇలాంటి పనుల్లో మామూలుగా పెట్టుకునేదే. అందుకే దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఫారంలో దానికో గడి పెట్టాను. 'అసంపూర్ణం' అని ఉంటుంది, ఎదురుగా టిక్కు. ఎంత వచ్చిందో రాసే చోటు పెట్టలేదు. పారబోసేదానికి కొలతెందుకు?

అసలు కథ జరిగిన ఊరు పద్నాలుగోది, ఆఖరుది. అక్కడి ఆశా వర్కరు ఆ చుట్టుపక్కల అందరికంటే చురుకైన మనిషి. డయాలసిస్‌కు పలాస వెళ్లే నలుగురికి ఆటో మాట్లాడేది ఆమే, వెంట వెళ్లేది ఆమే, దించేది ఆమే. అరవై క్యాన్లూ చెప్పిన టైముకు ఆరోగ్య ఉపకేంద్రం అరుగు మీద వరసగా పెట్టించారు. ఆ వరస చూసి నాకు ముచ్చటేసింది. కొలిస్తే పంతొమ్మిది క్యాన్లలో అర లీటరు లోపే ఉంది. పంతొమ్మిదీ ఆడవాళ్లవే.

నియమం ప్రకారం పంతొమ్మిదీ ఉపకేంద్రం వెనక కొబ్బరి చెట్ల మొదట్లో పారబోశాను. నా పరిశీలనల పుస్తకంలో రాసుకున్నాను: 'స్త్రీలలో సహకారం తక్కువ.' ప్రతి ఊళ్లోనూ ఇదే రాసుకుంటూ వచ్చాను కాబట్టి పెద్దగా ఆశ్చర్యపడలేదు.

మిగతా పదమూడు ఊళ్లలో రెండోసారి పట్టించడానికి ఆదివారం పెట్టుకున్నాం. మామూలు రోజుల్లో మా బృందం కొత్త ఊరికి వెళ్లేది, ఆదివారాలు తిరగదోడే పనికి ఉంచుకునేవాళ్లం. రెండోసారి అందరి క్యాన్లూ నిండుగా వచ్చేవి. ఒకసారి గట్టిగా చెప్తే వింటారు అని మా డైరెక్టరు అనేవారు. ఈ ఊళ్లో మాత్రం ఆ ఆదివారం అమ్మవారి సంబరం. అందుకని మంగళవారానికి జరిపాం.

రెండోసారి ఇచ్చేటప్పుడు నేను ఒక మెరుగుదల చేశాను. ప్రతి క్యాను మీదా లీటరు దగ్గర నల్ల మార్కరుతో గీత గీశాను. కనీసం ఇక్కడిదాకా రావాలని చెప్పమన్నాను. నా దృష్టిలో అది అవగాహన కల్పించడం.

బుధవారం పొద్దున పంతొమ్మిది క్యాన్లూ వచ్చాయి. పంతొమ్మిదీ గీత దాటాయి. ఎంత దాటాయంటే, అన్నీ వేలెడు. ఈ వైపు బియ్యం కొలిచినా పాలు పోసినా గీత దగ్గర సరిగ్గా ఆపితే పిసినారితనం కింద లెక్క. కాస్త కొసరు వేయాలి. ఆ మర్యాద మూత్రానికి కూడా వర్తిస్తుందని నాకు తట్టలేదు. తట్టిందల్లా, పంతొమ్మిది మంది ఒంట్లోంచి ఒకే కొలత రాదని. రంగు చూశాను. నీళ్లలా ఉంది. నీళ్లే.

ఎదుటివాళ్ల మోసం పట్టుకున్నప్పుడు మాలాంటివాళ్లకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. మీకూ కలుగుతుంది, జాగ్రత్త. టీ కూడా తాగకుండా కూర్చుని రెండు పేజీల నోట్ రాశాను. మొదటి పాయింటు, క్యాన్లలో నీళ్లు కలిపారు. రెండు, అన్నింట్లోనూ ఒకే ఎత్తుకు ఉండటాన్ని బట్టి ఇది ఒక్కరి చేతి పని. మూడు, క్యాన్లన్నీ తాకిన మనిషి ఆశా వర్కరు ఒక్కరే. నాలుగు, టార్గెట్ కోసం చేసి ఉంటారు. ఐదు, ఇటువంటి వ్యక్తి ఆ బాధ్యతలో కొనసాగడం ప్రజారోగ్యానికి మంచిది కాదు. మొదటి నాలుగూ నన్ను అడిగినవి. ఐదోది ఎవరూ అడగలేదు. నాలుగుతో ఆపితే జాబితా నిండుగా అనిపించలేదు.

మా డైరెక్టరు నోట్ చదివి భుజం తట్టారు. నోట్ మెడికల్ ఆఫీసరుకు చేరింది. విచారణకు రోజు పెట్టారు. ఆ పంతొమ్మిది క్యాన్ల నమూనాలు అప్పటికే ల్యాబు బండిలో వెళ్లిపోయాయి. ఫలితాలు తర్వాత వచ్చాయి గానీ, నకిలీవాటి ఫలితాలు చూసేదేముందని ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

విచారణ రోజు పొద్దున్నే ఆ ఊరికి వెళ్లాను, ఆశా వర్కరు దగ్గర సంజాయిషీ తీసుకుని పదకొండుకల్లా పలాస చేరాలని. ఆమె ఇంటి ముందు కళ్లాపి జల్లుతున్నారు. చేయి తుడుచుకుని లోపల్నుంచి కాగితం తెచ్చిచ్చారు.

"రాసీసాను బాబూ. సూడండి. తప్పులుంటే దిద్దండి, మీరు సదువుకున్నోలు."

మూడు వాక్యాలు. 'క్యాన్లలో నీళ్లు నేనే కలిపాను. ఊరి ఆడవాళ్లకు దీనితో సంబంధం లేదు. ఇక మీదట ఇలా జరగదు.' అక్షరదోషాలు లేవు.

"ఎందుకు కలిపారమ్మా?" అన్నాను.

"గీత దాకా కావాలన్నారు కదా బాబూ."

"అంటే నీళ్లు పోసి నింపేస్తారా?"

"టీ సల్లారిపోతంది, తాగండి."

టీ తాగాను. నా రెండో పాయింటు, మూడో పాయింటు ఆమె చేతిరాతతో రుజువయ్యాయి. కాగితం పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి పలాస వెళ్లే ఆటో ఆగి ఉంది. అప్పటికే ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నారు. ఒళ్లో టిఫిను డబ్బాలు, చేతుల మీద పాత గుడ్డలు. పలాసలో జీడి షెడ్లలో పిక్కలు కొట్టి పప్పు తీయడానికి రోజూ ఆ ఆటోలోనే వెళ్తారు. అందులో సగం మొహాలు నాకు తెలుసు. నేను పారబోసిన క్యాన్ల తాలూకు మొహాలు.

అందరికంటే పెద్దావిడ ఆటోలోంచి తల బయటికి పెట్టింది. "ఏటి బావూ, మల్లీ క్యాన్లా? ఈపాలి గీత యాడ గీసినావు, మూత కాడేటి?"

ఆటో అంతా నవ్వింది. పక్కనున్న చిన్నమ్మాయి, పదో తరగతి దాకా చదివినట్టుంది, నా చేతిలో కాగితం వైపు వంగి గబగబా పైకి చదివేసింది. నవ్వు ఆగిపోయింది.

"ఓలమ్మా, ఇదేటే!" అంది పెద్దావిడ. "అది కలపడమేటి? నా క్యానులో నీల్లు నానే పోసుకున్నాను. మా నూతిలో నీల్లు."

"నాను సెంబుడు పోసాను," అంది ఇంకొకామె.

"నాను రెండు గలాసులు. పైన కూసింత."

"నాది బోరు నీల్లు బావూ, మంచియ్యే!"

మళ్లీ నవ్వారు. నేను అలవాటు కొద్దీ పుస్తకం తీసి వరస సంఖ్యలు వేసుకున్నాను. ఒకటి, నుయ్యి. రెండు, చెంబుడు. మూడు, రెండు గ్లాసులు, పైన కొంత.

"ఎందుకు పోశారు?"

"తక్కువైతే ఆశమ్మని తిడతన్నారంట కదా," అంది పెద్దావిడ. "మొదటిపాలి మా క్యాన్లు తిరిగొచ్చాయని అది మొకం మాడ్సుకుని ఇంటింటికీ తిరిగింది. ఆ మాత్రం నీల్లు పొయ్యలేమేటి?"

అప్పుడే నేను ఆటో ఎక్కేసి ఉంటే కథ ఇంకోలా ఉండేది. కానీ నా ఫారంలో అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగాను. "మరి మొదటిసారి అంత తక్కువెలా వచ్చింది? షెడ్డు దగ్గర పోసేసి వచ్చారా?"

"షెడ్డు కాడ ఎల్లం బావూ."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా?"

"ఎల్లం."

పెద్దావిడ రెండు చేతులూ చాపింది. వేళ్ల సందుల్లో నల్లగా పొక్కులు, ఎండినవి కొన్ని, పచ్చివి కొన్ని. "పిక్క కొట్టే సేతులు సూడు. ఈ జీడి రసం యాడంటితే ఆడ కాలుద్ది. ఈ సేత్తో బయటికెల్తే ఏటవుద్దో నీకు తెల్దు, మొగోడివి. బూడిదెట్టి, నూనెట్టి, సబ్బెట్టి తోమితే గానీ వొదల్దు. అంతసేపు ఎవులు లెగనిత్తారు? దొడ్డి రోడ్డవతల గొడౌను ఎనకాల. అందుకే నీల్లు తాగం. తాగకపోతే లెగక్కర్లేదు."

"ఎంత తాగుతారు?"

"మద్దేనం అన్నంలో గలాసుడు. మల్లీ ఇంటికొచ్చాకే."

చిన్నమ్మాయి నా వైపు చూడకుండా అంది: "ఎక్కడైనా వదిలేశారా అని ఫారంలో అడిగారు కదా సార్. లేదన్నాను. మీరు నవ్వారు."

నవ్వాను. ఆ ప్రశ్న పెట్టిందీ నేనే, జవాబు నమ్మనిదీ నేనే. ఆటో వెళ్లిపోయింది. నాకు చోటిస్తామన్నారు గానీ నేనే ఎక్కలేదు.

మందస నుంచి పలాస వెళ్లే బస్సు అటుగా వస్తే ఎక్కి, మడిచి పెట్టిన ల్యాబు కాగితం విప్పాను. ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి, ఇంకేదీ చెప్పను. క్రియాటినిన్ అని ఒక పదార్థం ఉంది. ఒక్కో మనిషి మూత్రంలో అది రోజుకు దాదాపు ఒకే మోతాదులో వస్తుంది. క్యానులో సగం రోజు మూత్రమే ఉంటే అదీ సగమే ఉంటుంది. రోజంతటిదీ ఉంటే పూర్తిగా ఉంటుంది. పైన చెంబుడు నీళ్లు పోసినా మొత్తం మోతాదు మారదు, పలచబడుతుంది, అంతే. పంతొమ్మిది వరసలూ బస్సులోనే లెక్క కట్టాను. పంతొమ్మిదీ పూర్తిగా ఉన్నాయి. అంటే ఆ ఆడవాళ్లు చుక్క వదలకుండా పట్టారు, పైన పోసింది నీళ్లు. వాళ్లు చెప్పినన్ని నీళ్లు తీసేస్తే మిగిలేది అర లీటరు లోపే. మొదటిసారి తెచ్చిందీ అంతే. అదే వాళ్ల రోజు.

వాళ్లు మొదటిసారి నిజం తెచ్చిస్తే పారబోశాను. రెండోసారి నీళ్లు కలిపి తెస్తే, అందులో కూడా నిజం చెడకుండా ఉంది. దానికి రుజువు పది రోజులుగా నా సంచిలో ఉంది. ఉద్దానంలో ఉప్పు కోసం ఊరూరా తిరిగిన నేను, షెడ్ల ఉక్కలో రోజంతా ఒక గ్లాసు నీళ్లతో పనిచేసే ఆడవాళ్లను 'సహకారం తక్కువ' అని రాసుకున్నాను.

ఇప్పుడు మళ్లీ ఆ మేడ మీది గది.

మెడికల్ ఆఫీసరు నా నోట్‌ను ఐదు పాయింట్లూ పైకి చదివారు. ఐదోది చదువుతున్నప్పుడు ఆశా వర్కరు మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. తర్వాత ఆయన సంజాయిషీ చదివారు.

"ఇది నీ రాతేనా?"

"నాదే సార్."

"నీళ్లు నువ్వే కలిపావా?"

"నానే సార్."

ఆయన పెన్ను మూత తీశారు. నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆ సంజాయిషీ అబద్ధం."

"బాబూ, మీరూరుకోండి," అన్నారు ఆశా వర్కరు కంగారుగా.

మెడికల్ ఆఫీసరు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. "ఫిర్యాదు చేసింది నువ్వే కదా?"

"అవును సార్."

"ఒప్పుకుంది ఆవిడే కదా?"

"అవును సార్."

"మరి నీకొచ్చిన కష్టమేంటయ్యా?"

చెప్పాను. ఆటో సంగతి, జీడి చేతుల సంగతి, ల్యాబు కాగితం సంగతి, ఆ వరసలోనే. మా డైరెక్టరు బల్ల కింద నా చొక్కా అంచు ఒకసారి లాగారు. నేను ఆగకపోయేసరికి మళ్లీ లాగలేదు. మెడికల్ ఆఫీసరు తెలివైన మనిషి, నెమ్మదైన మనిషి. ఒక్కొక్కటే అడిగారు.

"అంటే నీళ్లు కలిపినా లెక్క చెడలేదు?"

"చెడలేదు సార్."

"కలపకముందు తెచ్చినవి?"

"అవీ సరైనవే సార్. నేనే పారబోశాను."

"ఎక్కడ?"

"కొబ్బరి చెట్ల మొదట్లో సార్."

ఇది ఆయనకు ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ రాసుకున్నారు.

అప్పటిదాకా మాట్లాడని ఏఎన్ఎం మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు. "జీడి షెడ్లకెళ్లే ఆడవాళ్లు నీళ్లు తాగరు సార్. ఇది అందరికీ తెలిసిందే."

"మరి వీళ్లకెందుకు చెప్పలేదమ్మా?"

"వాళ్ల ఫారంలో ఆ ప్రశ్న లేదు సార్."

మా డైరెక్టరు గొంతు సవరించుకున్నారు. పొరపాటు జరిగిందని, ఆశా వర్కరు మీద ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నామని, ఇది ఒక ఊరికి సంబంధించిన చిన్న విషయమని, అధ్యయనం మీద దీని ప్రభావం ఏమీ ఉండదని అన్నారు. ఆశా వర్కరు పని నిలబడింది. మెడికల్ ఆఫీసరు పెన్ను మూత పెట్టారు. అక్కడితో అందరం లేచి వెళ్లిపోవచ్చు.

పెన్ను జేబులో పెట్టుకుంటూ ఆయన మామూలుగా అడిగారు. "మిగతా పదమూడు ఊళ్లలో ఈ తలనొప్పి రాలేదా?"

"లేదు సార్," అన్నాను. "రెండోసారి అందరివీ బాగానే వచ్చాయి. నీళ్లు కలిపినట్టు కూడా లేదు."

"ఆడ ఏ రోజు పట్టించారు బాబూ?"

అడిగింది ఆశా వర్కరు. అప్పటికీ నిలబడే ఉన్నారు.

"ఆదివారం."

"ఆదివారం షెడ్లకి సెలవు కదేటి," అన్నారు ఆమె, నాకు తెలియదేమోనని తెలియజేస్తున్నట్టు. "ఇంటికాడుంటాం. నీల్లు తాగుతాం. సేపో మాంసమో వండుకుంటాం. ఆ రోజు క్యాను నిండకేటవుద్ది?"

మా డైరెక్టరుకు నాకంటే ముందే అర్థమైంది. మా నివేదికలో అన్నిటికంటే గొప్పగా చెప్పుకోవాలనుకున్న ఫలితం ఒకటి ఉంది: ఈ ప్రాంతంలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఉప్పు ఎక్కువ తింటున్నారని. వంట చేసేది వాళ్లే కాబట్టి వాళ్లకు ఉప్పు మీద పాఠాలు చెప్పాలని సిఫార్సు కూడా సగం రాసి పెట్టాం. మగవాళ్ల క్యాన్లు మామూలు రోజులవి. ఆడవాళ్లవి ఎన్నో ఆదివారపువి. వారంలో ఒక్క రోజు తిన్న చేపల పులుసుని మేం ఏడు రోజుల తిండిగా లెక్కేశాం.

మెడికల్ ఆఫీసరు సంజాయిషీని ఆమె చేతికి, నోట్‌ను నా చేతికి ఇచ్చేశారు. "ఎవరి కాగితాలు వాళ్లు పట్టుకెళ్లండి," అన్నారు. మా డైరెక్టరు ప్లేటులోంచి ఒక జీడిపప్పు తీసుకుని నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు.

కిందికి దిగాక మెట్ల దగ్గర ఆశా వర్కరుకు క్షమాపణ చెప్పాను. ఆమె చీర కొంగులో కాగితం ముడివేసుకుంటూ విన్నారు.

"నీల్లు కలిపారని రాసారు, సరే. కలిపింది నిజవేఁ. నానే కలిపానని రాసారు, సరే, అలగనుకున్నారు. ఆ ఐదో పాయింటు ఎందుకు బాబూ?"

నాలుగుతో ఆపితే జాబితా నిండుగా అనిపించలేదని చెప్పడానికి సిగ్గేసింది.

"నాలుగుతో ఆపాల్సింది," అని ఆమే తేల్చేశారు. "ఎల్తాను. డయాలసిస్ కాడ్నుంచి ఇద్దర్ని దింపాలి. ఆటో ఆగదు."

తర్వాతి సంగతులు కొన్ని ముందే చెప్పేస్తాను. నీళ్లు తాగడం మీద ఆ ఏడాది ఒక పోస్టరు వేశారు. అందులో నా వంతు పని కూడా ఉంది. 'రోజంతా తగినన్ని నీళ్లు తాగండి' అని, నవ్వుతున్న ఆడమనిషి బొమ్మతో. అది జీడి షెడ్లలో కూడా అంటించారు. కొన్నాళ్లకు పలాస బస్టాండులో ఆటో పెద్దావిడ కనిపిస్తే పోస్టరు చూశారా అని అడిగాను.

"సూసాం బావూ. నీల్లు తాగమని రాసినారు. తాగినాక ఎటెల్లాలో రాయనేదు."

ఇంకో ఏడాదికి నేను ఆ సంస్థ వదిలేశాను. గొడవపడి కాదు. నివేదిక అయిపోయింది, కాంట్రాక్టు అయిపోయింది. ఇప్పుడు నేను తయారుచేసే ఫారాల్లో 'అసంపూర్ణం' అనే గడి పక్కన 'ఎంత' అనే గడి ఉంటుంది, దాని పక్కన 'వారంలో ఏ రోజు' అనేది ఉంటుంది. కొత్తవాళ్లు గడులు ఎక్కువయ్యాయని గొణుగుతారు. గొణగనీ. ఎదుటివాళ్లు 'లేదు' అంటే నవ్వకూడదని కూడా చెప్తాను, కానీ దానికి గడి ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియలేదు.

విచారణ అయిన మధ్యాహ్నం మా డైరెక్టరు నన్ను పలాస నుంచి జీపులో తీసుకొచ్చారు. టెక్కలిలో నన్ను దింపేటప్పుడు అన్నారు: "కంగారుపడకు. ఆదివారం పట్టించినవి ఎన్ని ఉంటాయి, కొన్నేగా. పేజీ కింద ఫుట్‌నోటులో ఒక వాక్యం రాసేద్దాం."

"ఎక్కువుంటే సార్?"

"ఉండవులే. సాయంత్రానికి లెక్కపెట్టి చెప్పు."

ఇంటి వరండాలో చాప పరిచి పదమూడు ఊళ్ల ఏడు వందల ఎనభై ఫారాలూ, అందులో సగం ఆడవాళ్లవి, కట్టలు విప్పాను. మా అమ్మ వచ్చి ఏట్రా అవి అంది. ఒంటేలు అన్నాను. లోపలికి వెళ్లిపోయింది. ఒక్కో ఫారం తిప్పుతూ 'అసంపూర్ణం' ఎదురుగా టిక్కు ఉన్నవాటిని పక్కకు తీశాను. టిక్కులన్నీ నా చేతివే. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం కుదరక రెండోసారి లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకే సంఖ్య వచ్చింది. డైరెక్టరుకు ఫోను చేసి చెప్పాను.

మొత్తం నూట డెబ్బై మూడు. ఆడవాళ్లవి నూట అరవై ఒకటి.